డంపింగ్ యార్డులో జేసీబీ వెనక నిలబడుతున్నారా? ముందు ఇది చదవండి

చెత్త బండి మీద పనిచేసేవాళ్లు, జేసీబీ, టిప్పర్ డ్రైవర్లు, ప్లాస్టిక్, ఇనుము ఏరుకునేవాళ్లు, ఆ సరుకు కొనే స్క్రాప్ వ్యాపారులు... మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ వైపు ఈ పనుల్లో మన కుటుంబాల వాళ్లూ ఉన్నారు. వీళ్లందరూ ఏదో ఒక వేళ డంపింగ్ యార్డులోకి వెళ్లాల్సిందే.

ఆ యార్డుల్లో పని తీరు ఇప్పుడు మారుతోంది. 2024 అక్టోబరు 2న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు మచిలీపట్నంలోనే చెత్త పన్ను రద్దు ప్రకటించారు. రాష్ట్రంలో పేరుకుపోయిన 85 లక్షల టన్నుల పాత చెత్తను ఏడాదిలో తొలగించాలని అప్పుడే లక్ష్యం పెట్టారు. పాత చెత్త తీయాలంటే పారలు, గంపలు చాలవు. ప్రొక్లెయిన్ తవ్వాలి, ట్రామెల్ జల్లెడ పట్టాలి, టిప్పర్లు మోయాలి. పెద్ద యంత్రాలు తిరిగేచోట కాలినడకన పనిచేసే మనిషికే ముప్పు ఎక్కువ.

జాగ్రత్త అనగానే అందరూ హెల్మెట్, గ్లౌజులు, బూట్ల గురించి చెబుతారు. అవి కావాలి, కాదనడం లేదు. 2016 ఘన వ్యర్థాల నియమాల ప్రకారం యూనిఫాం, మెరిసే జాకెట్, గ్లౌజులు, రెయిన్‌కోటు, బూట్లు, మాస్కు కార్మికులకు అందేలా చూడటం స్థానిక సంస్థ బాధ్యతగా ఉండేది. కానీ మనిషి మీదికి టిప్పర్ వస్తే హెల్మెట్ ఏం ఆపుతుంది? అందుకే అన్నిటికంటే ముందు పాటించాల్సింది ఒక్కటే. యంత్రం కదులుతున్న చోట మనిషి ఉండకూడదు. మనిషి ఉన్నచోట యంత్రం కదలకూడదు.

డ్రైవర్‌కు మీరు కనిపిస్తున్నారా?

ప్రొక్లెయిన్‌లో డ్రైవర్ క్యాబిన్ ఎడమ పక్కన ఉంటుంది. కుడి పక్కన ఏముందో కనపడకుండా దాని పెద్ద చెయ్యి అడ్డం వస్తుంది. వెనక బరువు దిమ్మ ఉంటుంది. బకెట్ ఒకవైపు తిరిగితే ఆ దిమ్మ రెండో వైపు తిరుగుతుంది. ప్రొక్లెయిన్‌కీ గోడకీ మధ్య, లేదా పక్కనున్న లారీకీ మధ్య నిలబడిన మనిషి అక్కడే నలిగిపోతాడు. డ్రైవర్‌కు తెలిసేలోపే అంతా అయిపోతుంది.

మీకు డ్రైవర్ ముఖం కనపడకపోతే, అతనికి మీరు కనపడట్లేదనే లెక్క. దగ్గరకు వెళ్లాల్సి వస్తే దూరం నుంచే చెయ్యి ఊపండి. అతను చూసి, బకెట్ నేల మీద దించి, చెయ్యి ఎత్తి రమ్మన్నాకే వెళ్లండి.

రివర్స్ హారన్ మీద నమ్మకం పెట్టుకోవద్దు. నాలుగు బండ్లు ఒకేసారి మోగుతుంటే ఏది ఎటు వస్తోందో తెలియదు. రివర్స్ చేయించడానికి ఒక్క మనిషినే పెట్టాలి. నలుగురు నాలుగు వైపుల నుంచి 'రా రా' అని అరిస్తే డ్రైవర్ ఎవరి మాట వినాలి? సైగ చేసే మనిషి కనపడకపోతే డ్రైవర్ వెంటనే బండి ఆపేయాలి. ఆ మనిషి చేతిలో ఫోను ఉండకూడదు.

టిప్పర్ తొట్టి లేచినప్పుడు

తొట్టి పైకి లేచాక బరువంతా ఎత్తులోకి పోతుంది. కింద నేల కొంచెం వాలుగా ఉన్నా, ఒకవైపు టైరు దిగబడినా బండి పక్కకు పడిపోతుంది. మన డెల్టా నల్లమట్టి సంగతి తెలిసిందే. ఒక్క వాన పడితే చాలు, పైకి గట్టిగా కనిపించే నేల కూడా కింద మెత్తబడుతుంది. కాబట్టి చదునైన చోటే లోడు దించాలి. పక్కన ఇంకో బండి గానీ మనుషులు గానీ ఉండకూడదు. తడి చెత్త తొట్టికి అంటుకుని జారకపోతే, లేచిన తొట్టి కిందకు దూరి పొడవడం అన్నిటికంటే ప్రమాదం. దివిసీమ పల్లెల్లో పంచాయతీ ట్రాక్టర్లకూ ఇదే వర్తిస్తుంది. కాలువ గట్టు మీద ట్రక్కును రివర్స్ చేసేటప్పుడు మరీ జాగ్రత్త.

తొట్టి లేపే ముందు తల పైకెత్తి కరెంటు తీగలు చూడండి. తీగ తగిలితే డ్రైవర్ క్యాబిన్‌లోనే కూర్చోవాలి, మిగతావాళ్లు దూరం జరగాలి. కరెంటు ఆపే వరకు ఎవరూ బండిని ముట్టుకోకూడదు. మంటలొచ్చి దిగక తప్పకపోతే, బండినీ నేలనూ ఒకేసారి తాకకుండా రెండు కాళ్లూ కలిపి దూకాలి. తర్వాత పాదాలు నేల మీద నుంచి ఎత్తకుండా, చిన్న చిన్న అడుగులతో జరుగుతూ పోవాలి.

ట్రామెల్, బెల్టు, కంపాక్టర్

జల్లెడ దగ్గర, కన్వేయర్ బెల్టు దగ్గర చెత్త వేరుచేసే పనిలో ఆడవాళ్లు కూడా ఉంటారు. చీర కొంగు, దుపట్టా, బుర్ఖా అంచు, విరబోసిన జుట్టు, వీటిలో ఏది రోలర్‌కు చిక్కినా మనిషిని లాగేస్తుంది. కొంగు నడుముకు గట్టిగా దోపుకోవాలి. తల కప్పుకోవాలంటే వేలాడే దుపట్టా కాకుండా బిగుతుగా ఉండే స్కార్ఫ్ కట్టుకుని, దాని కొసలు కోటు లోపల పెట్టుకోవాలి.

పాత గుడ్డలు, ప్లాస్టిక్ తాళ్లు చుట్టుకుని యంత్రం ఆగిపోవడం రోజూ ఉండేదే. దాన్ని చేత్తో లాగే ముందు మెయిన్ స్విచ్ ఆపి, తాళం వేసి, ఆ తాళంచెవి లాగే మనిషి జేబులోనే పెట్టుకోవాలి. ఎవరో తెలియక స్విచ్ వేస్తే చెయ్యి పోతుంది. కంపాక్టర్ లోపల చెయ్యి పెట్టడం, నడుస్తున్న బండి వెనక మెట్టు మీద వేలాడటం కూడా అంతే.

గుట్ట గట్టి నేల కాదు

2017 సెప్టెంబరు 1న ఢిల్లీలోని ఘాజీపూర్ చెత్త కొండలో ఒక భాగం కూలి, రోడ్డు మీద వెళ్తున్న బండ్లను పక్క కాలువలోకి తోసేసింది. ఇద్దరు చనిపోయారు. అదే ఏడాది ఏప్రిల్ 14న కొలంబో దగ్గర మీతోటముల్లలో గుట్ట ఇళ్ల మీద పడి 30 మందికి పైగా చనిపోయారు. మన యార్డులు అంత ఎత్తు లేకపోవచ్చు. కానీ గుట్టను అడుగున తవ్వితే పైభాగం జారడం ఎక్కడైనా ఒకటే. పై నుంచి మెట్లు మెట్లుగా తవ్వుకుంటూ రావాలి. టిప్పర్ అంచు దాకా పోకుండా, కనీసం ఒక బండి పొడవు దూరంలో లోడు దించాలి. మిగతాది డోజర్ తోస్తుంది. పొగ వస్తున్న చోట లోపల కాలి గుల్ల అయి ఉండొచ్చు, దాని మీద అడుగు పెట్టొద్దు. గుట్టలో మీథేన్ గ్యాస్ పుడుతుంది కాబట్టి బీడీ, సిగరెట్ అసలే వద్దు.

బక్రీద్, తుఫాను రోజులు

బక్రీద్ మూడు రోజులు వ్యర్థాలు తరలించడానికి మొహల్లా కుర్రాళ్లు ముందుకు రావడం మంచిదే. కానీ లోడు మీద కూర్చుని యార్డు దాకా వెళ్లొద్దు. బండిలోకి ఎక్కించడంతో మీ పని అయిపోయింది. 2023 డిసెంబరులో మిచాంగ్, 2025 అక్టోబరులో మొంథా లాంటి తుఫాన్ల తర్వాత కూలిన చెట్లు, రేకులు, తీగలు ఒక్కసారిగా వచ్చిపడతాయి. రాత్రీ పగలూ జేసీబీలు తిరుగుతాయి. నిద్రలేని డ్రైవర్, చీకటి, తడి నేల మూడూ కలిసేది అప్పుడే.

ఏరుకునేవాళ్లను తరిమేస్తే?

గేటు దగ్గర తరిమేస్తే వాళ్లు చీకటి పడ్డాక వెనక నుంచి వస్తారు, అది ఇంకా ప్రమాదం. చెత్త ఏరుకునేవాళ్లను గుర్తించి, ఈ వ్యవస్థలో భాగం చేసుకోవాలని 2016 నియమాలే చెప్పాయి. యార్డులో ఒక మూల చదును చేసి, అక్కడ లోడు దించి, బండి వెళ్లిపోయాక గంట సేపు ఏరుకోనిస్తే సరిపోతుంది. పెద్ద ఖర్చు కూడా లేదు. పిల్లలను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తీసుకెళ్లకండి.

జరగరానిది జరిగితే

చట్టం ప్రకారం పనిలో ప్రాణం పోతే, నెల జీతంలో సగాన్ని వయసును బట్టి ఉండే గుణకంతో హెచ్చిస్తారు. ఉద్యోగుల పరిహార చట్టం కింద ఈ లెక్కకు జీతం పరిమితి 15,000 రూపాయలుగా ఉండేది. ఆ పరిమితితో లెక్కిస్తే 30 ఏళ్ల వ్యక్తికి 7,500 ఇంటూ 207.98, అంటే 15,59,850 రూపాయలు. 40 ఏళ్లయితే 13,81,275. ఈఎస్‌ఐ ఉన్నవాళ్లకు దీని బదులు కుటుంబానికి నెలనెలా పింఛను వస్తుంది. కాంట్రాక్టర్ చేతులెత్తేస్తే, పని అప్పగించిన మున్సిపాలిటీ మీద కూడా క్లెయిమ్ వేయొచ్చు. ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు కార్మిక శాఖ అధికారి దగ్గర దరఖాస్తు చేయాలి. ఫలానా చోట పనిచేశాడని చూపించలేకపోతే ఈ లెక్కంతా కాగితం మీదే ఉంటుంది. కాబట్టి జీతం బ్యాంకులో వేయమని అడగండి, గుర్తింపు కార్డు, హాజరు పుస్తకం ఫొటోలు ఇంట్లో ఉంచండి.

సొంతంగా ఏరుకునేవాళ్లకు యజమాని ఉండడు, ఈ పరిహారమూ ఉండదు. వాళ్లు బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయలు కట్టి ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో చేరొచ్చు. వయసు 18 నుంచి 70 లోపు ఉండాలి. ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు ఇస్తారు. మే నెలాఖరులో ఖాతాలో ఆ 20 రూపాయలు ఉన్నాయో లేదో చూసుకోవడం మర్చిపోవద్దు.

మీ ఇంట్లో ఎవరైనా యార్డులో పనిచేస్తుంటే ఈ రాత్రి ఒక్క మాట అడగండి: 'అక్కడ బండి రివర్స్ చేయించే మనిషి ఎవరు?' జవాబు రాకపోతే, రేపు పొద్దున మేస్త్రీని అడగాల్సింది కూడా అదే.