పాత సరుకుకీ ఉండాలి జాతకం!

ఎల్లుండి అమెరికా విమానం. గదిలో పాత ల్యాప్‌టాప్, రెండు ఫోన్లు, కింద పార్కింగులో బైకు. అన్నీ ఈ రెండు రోజుల్లోనే వదిలించుకోవాలి. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి హాస్టళ్లలో ఇది ఎప్పుడూ ఉండే హడావుడే. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ని ప్రారంభించింది మొదలు ఈ ప్రాంతానికి వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు, విదేశాలకు వెళ్లేవాళ్లు వెళ్తూనే ఉన్నారు. వెళ్లేవాళ్లు అమ్మింది వచ్చేవాళ్లు కొంటారు. మధ్యలో సెకండ్‌హ్యాండ్ దుకాణం. అబిడ్స్ జగదీశ్ మార్కెట్, సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్, ఎర్రగడ్డ ఆదివారం సంత... ఇప్పుడైతే సెల్‌ఫోన్‌లోనే బేరం!

ఆ బేరం ఎలా సాగుతుందో చూడండి.

‘బిల్లుందా అన్నా?’

‘పోయింది భాయ్.’

‘ఐతే రెండు వేలు తక్కువిస్తా.’

అంతే, పనైపోయింది. బిల్లు లేకపోవడం అనుమానించాల్సిన విషయం కాదు, ధర తగ్గించుకోవడానికో సాకు! ఆ ఫోను అమ్మకందారు సొంతమా, తెల్లవారుజామున తలుపు తీసి ఉన్న హాస్టల్ గదిలోంచి వచ్చిందా అని అడిగేవాళ్లు తక్కువ.

కానీ చట్టం అడుగుతుంది. దొంగ సొత్తని తెలిసిగానీ, అలా అనుకోవడానికి కారణం ఉండిగానీ దురుద్దేశంతో తీసుకుంటే మూడేళ్ల దాకా జైలు. పాత శిక్షాస్మృతిలో ఇది 411వ సెక్షన్. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 317గా మారింది. దీనికి తోడు సాక్ష్యాల చట్టంలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. దొంగతనం జరిగిన కొద్దికాలానికే ఆ వస్తువు ఎవరి దగ్గర దొరికితే, వాళ్లే దొంగనో, దొంగ సొత్తని తెలిసే తీసుకున్నారనో కోర్టు భావించవచ్చు. అది తన దగ్గరికి ఎలా వచ్చిందో ఆ మనిషి చెప్పగలిగితే తప్ప! ‘దొరికితే దొంగ, దొరక్కపోతే దొర’ అనే సామెతకి ఇది చట్టం రాసిన భాష్యం అనుకోవచ్చు. ఆ ‘ఎలా వచ్చిందో’ చెప్పడానికి దుకాణదారుకి పనికొచ్చేది ఒక్కటే: కౌంటరు కింద ఉండే చిట్టా పుస్తకం.

పుస్తకంలో ఏముండాలి?

ఆంధ్ర ప్రాంతంలో తాకట్టు వ్యాపారులకు 1943 నాటి మద్రాసు చట్టం నుంచీ ఈ అలవాటు ఉంది. కుదువ పెట్టిన ప్రతి వస్తువునీ పుస్తకంలో ఎక్కించాలి, పెట్టినవాళ్లకు చీటీ ఇవ్వాలి. పాత వస్తువుల్ని ఏకంగా కొనేసే వ్యాపారుల విషయంలో నిబంధనలు ఇలా ఒకచోట ఉండవు. అహ్మదాబాద్ లాంటి నగరాల్లో పోలీసు కమిషనర్లు ఉత్తర్వులిస్తుంటారు, పాత ఫోన్లు, వాహనాలు కొనేవాళ్లంతా రిజిస్టరు పెట్టాల్సిందేనని. ఇలాంటి ఉత్తర్వులు మామూలుగా రెండు నెలలే అమల్లో ఉంటాయి, గడువు తీరితే మళ్లీ ఇవ్వాలి. మన దగ్గరా పోలీసులు వ్యాపారుల్ని పిలిచి ఈ మాటే చెబుతుంటారు.

చెప్పేదేమీ బ్రహ్మవిద్య కాదు. అమ్మినవాళ్ల పేరు, చిరునామా, గుర్తింపు కార్డు వివరం, ఫోన్ నంబరు, వస్తువు సీరియల్ నంబరు, తేదీ, ఇచ్చిన సొమ్ము, సంతకం. తర్వాత దాన్ని ఎవరికి అమ్మారన్నది కూడా. ఈ చివరిది రాసేవాళ్లు అరుదు. కొన్నది రాసి అమ్మింది రాయకపోతే గొలుసు అక్కడే తెగిపోతుంది. జీఎస్టీ కట్టే వ్యాపారికైతే ఇందులో లాభం కూడా ఉంది. పాత సరుకు మీద కొన్న ధరకీ అమ్మిన ధరకీ మధ్య తేడా మీదే పన్ను కట్టే వెసులుబాటు ఉంది. ఎంతకి కొన్నారో కాగితం ఉంటేనే మరి!

పుస్తకం లేని వస్తువుతో ఏమవుతుందో హైదరాబాద్‌కి బాగా తెలుసు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో పేలిన బాంబుల్ని సైకిళ్లకు అమర్చారు. సైకిలుకి నంబరు పలక ఉండదు, ఆర్‌సీ ఉండదు. అది ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వెళ్లిందో చెప్పే కాగితం ఏదీ ఉండదు.

పదిహేను అంకెల జాడ

ఫోను సంగతి నయం. దానికి పుట్టుకతోనే పదిహేను అంకెల ఐఎంఈఐ నంబరు ఉంటుంది. రెండు సిమ్ముల ఫోనుకి రెండు. డయల్ ప్యాడ్ మీద స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కితే కనిపిస్తుంది. ఫోను పోయినవాళ్లు పోలీసు ఫిర్యాదు వివరాలతో కేంద్రం నడిపే సీఈఐఆర్‌లో నమోదు చేస్తే, దేశంలో ఏ నెట్‌వర్క్‌లోనూ అది పనిచేయదు. ఎవరైనా సిమ్ వేస్తే జాడ పోలీసులకు చేరుతుంది. తెలంగాణలో ఇది 2023 ఏప్రిల్‌లో మొదలైంది, తర్వాతి నెలలో దేశమంతటికీ వచ్చింది.

దొంగలు ఊరుకుంటారా? దేశం దాటిస్తే ఆ అడ్డంకే ఉండదుగా! 2024లో హైదరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా వందలాది ఫోన్లను సూడాన్‌కి పంపే పనిలో ఉంది. నంబరునే మార్చేసేవాళ్లూ ఉన్నారు. 2023 టెలికాం చట్టం ప్రకారం దీనికి మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. 2025 అక్టోబరులో వచ్చిన నిబంధనలు మరో అడుగు ముందుకేశాయి. పాత ఫోన్ల వ్యాపారులు కొనే ముందూ, అమ్మే ముందూ ఆ నంబరు నిషేధిత జాబితాలో ఉందేమో చూసుకోవాలన్నాయి. అంత దాకా ఎందుకు, మీరే చూసుకోవచ్చు. ఇంగ్లిషులో కేవైఎం అని కొట్టి, కాస్త ఖాళీ వదిలి, ఆ పదిహేను అంకెలు వేసి 14422కి మెసేజ్ పంపండి. డబ్బు చేతులు మారకముందే సుమా!

మరి ల్యాప్‌టాప్? ఐటీ కారిడార్‌లో ఫోను తర్వాత ఎక్కువగా చేతులు మారేది అదే. దానికీ సీరియల్ నంబరు ఉంటుంది. కానీ పోయిందని నెట్‌వర్క్‌లో ఆపేసే సీఈఐఆర్ లాంటి ఏర్పాటు దానికి లేదు. దుకాణంలో ఆ నంబరు రాసుకుంటేనే ఆధారం, లేదంటే లేదు. పైగా ఆ నంబరు పోగొట్టుకున్నవాళ్లకే తెలియదు! ఫిర్యాదులో ‘నల్ల రంగు ల్యాప్‌టాప్’ అని రాస్తే ఏ పోలీసు ఏం చేస్తాడు? ఇంట్లో పిల్లాడికి కొనిచ్చిన రోజే పెట్టె మీద ఉన్న నంబరుని ఫొటో తీసి పెట్టుకోండి.

బండి పోయింది, పేరు మిగిలింది

అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు బండి దగ్గర జరుగుతుంది. సంతకాలు చేసిన ఖాళీ ఫారాలు డీలరు చేతిలో పెట్టి కొడుకు విమానం ఎక్కేస్తాడు. ఆర్టీఏ రికార్డుల్లో పేరు మారదు. మొదట చలాన్లు వస్తాయి. అవి ఫర్వాలేదు. ఏ ప్రమాదమో జరిగితే?

2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన కేసు ఇలాంటిదే. 2007లో అమ్మిన కారు చేతులు మారుతూ వెళ్లి 2009లో ప్రమాదం చేసింది. పరిహారం ఎవరివ్వాలి? రికార్డులో ఎవరి పేరుందో వాళ్లే, అంటే మొదటి యజమానే అంది కోర్టు.

ఈ చిక్కు తీర్చడానికే 2023 ఏప్రిల్ 1 నుంచి వాహనాల నిబంధనలు మారాయి. పాత బళ్ల డీలరు రవాణాశాఖ నుంచి అధికార పత్రం తీసుకోవాలి, అది అయిదేళ్లు చెల్లుతుంది. బండి అతనికి అప్పగించేటప్పుడు ఇద్దరూ కలిసి ఫారం 29సి ద్వారా తెలపాలి. అక్కణ్నుంచి బాధ్యత డీలరుదే. అతను బండిని ఎందుకు బయటికి తీశాడు, ఎవరు నడిపారు, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అనేదీ ఎలక్ట్రానిక్ రిజిస్టరులో ఉండాలి. అందుకే ‘మేమే ట్రాన్స్‌ఫర్ చేయిస్తాం సార్’ అనే డీలరుని ముందు అధికార పత్రం చూపించమనండి. నేరుగా తెలిసినవాళ్లకు అమ్మితే మాత్రం పాత పద్ధతే. అదే రాష్ట్రంలో అయితే అమ్మిన 14 రోజుల్లో మీరు తెలియజేయాలి, 30 రోజుల్లో కొన్నవాళ్లు తెలియజేయాలి.

ఆధార్ జిరాక్సు అడిగితే...

కొందరికి ఇక్కడే భయం. నిజమే, భయపడాల్సిందే. కౌంటరు పక్కన గుట్టగా పడి ఉన్న ఆధార్ జిరాక్సులు, రేపు ఏ పొట్లం కట్టడానికి వాడతారో ఎవరికెరుక? చిట్టా కావాలి గానీ మన వివరాలు వీధిన పడక్కర్లేదు. చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ని ప్రభుత్వమే ఇస్తోంది, డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. అది ఇవ్వండి. దాని మీద అడ్డంగా ‘ఫలానా ఫోను అమ్మకం కోసం’ అని, వస్తువు నంబరు, తేదీ వేసి సంతకం పెట్టండి. మీ సంతకం ఉన్న రిజిస్టరు పేజీని మీ ఫోన్లో ఫొటో తీసుకోండి. అభ్యంతరం చెప్పే దుకాణంలో అమ్మకండి, వెయ్యి ఎక్కువిస్తానన్నా సరే.