లంక పొగాకు: వేలం లేని సరకుకు వాసనే కొలమానం

రాజమండ్రి: పొగాకు అనగానే వర్తకుల దృష్టి వర్జీనియా వేలం కేంద్రాల మీదికి పోతుంది. గోదావరి లంకల్లో పండే చుట్ట పొగాకు దారి వేరు. 1976లో ఏర్పడిన పొగాకు బోర్డు మన రాష్ట్రంలో 1985 నుంచి వర్జీనియాకు వేలం నడుపుతోంది. లంక ఆకుకు ఆ సౌకర్యం లేదు. బేరం రైతు కల్లంలోనే తెగుతుంది. అందువల్ల సరకు ఎరిగిన వర్తకుడికే లాభం, ఎరగని వాడికి దెబ్బ.

ఈ ఆకు ఘాటుకు ఆధారం వరద. నీరు తీసిన తరువాత మిగిలే ఒండ్రులో నారు నాటుతారు. ఒండ్రు పడితే పంట, ఇసుక మేట వేస్తే ఆ చెక్క ఆ ఏటికి పోయినట్టే. 1986 ఆగస్టు వరద లంకలను ముంచెత్తిన సంగతి పాత వర్తకులకు గుర్తే. కాబట్టి లంక సరకు అంచనా వరదల కాలం నుంచే మొదలుకావాలి.

వర్జీనియా ఆకును బ్యారన్లలో వేడి పెట్టి పండిస్తారు. అందులో చక్కెర నిలుస్తుంది. లంక ఆకును నెమ్మదిగా గాలికి ఆరనిస్తారు. చక్కెర చాలావరకు హరిస్తుంది. తరువాత మండె వేసి, తిరగవేస్తూ మాగబెడతారు. పచ్చి వాసన పోయి ఘాటు, కమ్మదనం కుదిరేది అక్కడే. మండెలో తేమ మిగిలితే బూజు పడుతుంది. మరీ ఎండితే ఆకు పొడి అవుతుంది. కొనేముందు మండె పైవరుస చూసి తృప్తిపడక, నడిమి ఆకు తీయించి ఈనె విరిచి, వాసన చూడడం మంచిది.

పేరుకు కొదవ లేదు. ఈ లంక చుట్ట ప్రస్తావన 1890లో కానన్ డాయిల్ రాసిన షెర్లాక్ హోమ్స్ నవలలోనూ వచ్చింది. గిరాకీయే సన్నగిల్లుతున్నది. చుట్ట కాల్చే తరం తరిగిపోతోంది. ఉత్తర కోస్తాలో స్త్రీలు నిప్పు నోట్లో పెట్టుకొని కాల్చే అడ్డపొగకూ అంగిలి క్యాన్సర్‌కూ సంబంధం ఉన్నట్లు వైద్యులు ఏనాడో తేల్చారు. 2003 చట్టం ప్రచారానికి, అమ్మకాలకు హద్దులు పెట్టింది.

ధర పెరుగుతుందన్న ఆశతో నిల్వలు పెంచడానికి ఇది తగిన సరకు కాదు. చుట్టల తయారీదార్ల నుంచి ముందుగా ఆర్డరు తెచ్చుకొని, ఆ మేరకే కొనడం క్షేమం. అడిగేవాడు లేకపోతే ఎంత మేలైన ఆకైనా గోదాములో బరువే.