శుభం కార్డు పడితేనే తృప్తా?

సాహస నవలల గురించి తెలుగు పాఠకుల్లోనే కాదు, రాసేవాళ్లలోనూ ఒక నమ్మకం పాతుకుపోయింది. హీరో గెలవాలి, విలన్ చావాలి, చివర్లో పెళ్లిబాజాలు మోగాలి. లేకపోతే పుస్తకం కొన్నవాడు తిట్టుకుంటాడని. దీనికి పోటీగా ఇంకో నమ్మకం కూడా ఉంది: సుఖాంతమంటే చవకబారు రాత అనీ, హీరోని చంపగలిగినవాడే అసలు రచయిత అనీ. పుదుచ్చేరి ఇందిరా నగర్‌లో ఉండి ఈ రెంటి మీదా రాయడానికి నాకో కారణముంది. ప్రపంచమంతా చదివిన ఒక సాహస నవల ఈ ఊళ్లోనే మొదలవుతుంది, దాని ముగింపు మీద వాదన ఇప్పటికీ తెగలేదు. తెలుగువాళ్లు తరతరాలుగా పాడుకుంటున్న ఒక యుద్ధగాథలోని ఫ్రెంచి సేనాని కూడా ఈ ఊళ్లోనే కన్నుమూశాడు.

అపోహ: సాహస కథలో పాఠకుడు కోరేది సుఖాంతమే.

యాన్ మార్టెల్ 2001లో రాసిన 'లైఫ్ ఆఫ్ పై' సంగతి చూడండి. 2002లో బుకర్ బహుమతి వచ్చింది, కోటి ప్రతులకు పైగా అమ్ముడుపోయింది, ఆంగ్ లీ తీసిన సినిమా 2012లో వచ్చి నాలుగు ఆస్కార్లు తెచ్చుకుంది. నెహ్రూ వీధిలోని ఇండియన్ కాఫీ హౌస్‌లో ఒక పెద్దాయన ఈ కథ గురించి రచయితకు చెప్పడంతో పుస్తకం మొదలవుతుంది. కథానాయకుడు పై పటేల్ ఇక్కడి పెతీ సెమినేర్ బడిలో చదువుతాడు. బొటానికల్ గార్డెన్‌లో వాళ్ల నాన్నకు ఒక జూ ఉన్నట్టు మార్టెల్ కల్పించాడు. 1977లో కుటుంబమంతా జంతువులతో సహా ఓడెక్కి కెనడాకు బయల్దేరుతుంది. జూలై 2న ఓడ మునిగిపోతుంది. అమ్మ, నాన్న, అన్న ముగ్గురూ పోతారు. పదహారేళ్ల కుర్రాడు, ఒక పెద్దపులి, ఒక పడవ, 227 రోజులు.

ఓడ మునగకముందే, మొదటి భాగం చివర్లోనే, ఈ కథ సుఖాంతమని రచయిత మాటిచ్చేస్తాడు. మాట తప్పలేదు కూడా. పై బతుకుతాడు, కెనడాలో పెళ్లాం పిల్లలతో కాపురం చేసుకుంటాడు. అయినా పుస్తకం మూసిన పాఠకుడి మనసులో మిగిలేది ఆ కాపురం కాదు. మెక్సికో తీరంలో పులి పడవ దిగి, ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడకుండా అడవిలోకి వెళ్లిపోతుంది. అన్ని రోజులు తోడున్న ప్రాణి అలా వెళ్లిపోయినందుకు పై వెక్కి వెక్కి ఏడుస్తాడు. అక్కడితో ఆగలేదు. ఓడ ఎందుకు మునిగిందో విచారించడానికి వచ్చిన జపాన్ అధికారులు పులి కథ నమ్మకపోతే, జంతువులు లేని రెండో కథ చెబుతాడు. అందులో పడవలో ఉన్నది మనుషులు, అది దారుణమైన కథ. రెంటిలో ఏది బాగుందని వాళ్లనే అడుగుతాడు.

కోటిమంది ఈ పుస్తకాన్ని ఇష్టపడింది హీరో బతికాడని మాత్రమే అయితే రెండో కథ అక్కర్లేదు, చింపి పారేయొచ్చు. చింపితే పుస్తకమే నిలబడదు. బతికి బయటపడ్డందుకు పై ఏం చెల్లించుకున్నాడో ఆ చివరి పేజీల్లోనే తెలుస్తుంది. సాహస కథలో పాఠకుడు లెక్క చూసుకునేది అక్కడే. రచయిత మొదట్లో ఏ బాకీ చూపించాడు, చివరికి అది తీరిందా లేదా? సుఖంగా తీరిందా దుఃఖంగా తీరిందా అన్నది ఆ తర్వాతి ప్రశ్న.

అపోహ: విషాదాంతం పడమటి సరుకు, మన సంప్రదాయంలో అన్నీ మంగళాంతాలే.

నాటకాల్లో భరతవాక్యం, వ్రతకథల్లో ఫలశ్రుతి చూసి పుట్టిన మాట ఇది. తిక్కన మహాభారతాన్ని కురుక్షేత్ర విజయంతో ఆపలేదు. యాదవులు తమలో తాము కొట్టుకుని చచ్చే మౌసల పర్వం, పాండవులు ఒక్కొక్కరే నేలకూలే మహాప్రస్థానిక పర్వం దాటి స్వర్గారోహణం దాకా నడిపించాడు. పల్నాటి కథలో బాలచంద్రుడు యుద్ధం నుంచి తిరిగి రాడు. కారంపూడిలో ఇప్పటికీ ఆ వీరులకు ఏటా ఉత్సవం చేస్తారు.

ఈ ఊరికి దగ్గర చుట్టం మాత్రం బొబ్బిలి కథే. 1757 జనవరి 24న విజయనగరం విజయరామరాజు సేన, ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు కలిసి బొబ్బిలి కోటను నేలమట్టం చేశాయి. బొబ్బిలి రాజు రంగారావు పోరులో పడిపోయాడు. శత్రువు చేతికి చిక్కకూడదని కోటలోని ఆడవాళ్ల ప్రాణాలు సొంతవాళ్లే తీశారు. సాహస కథకు ఇంతకంటే చెడ్డ ముగింపు ఏముంటుంది? జంగం కథకులు తంబుర మీటుతూ దీన్ని ఊరూరా పాడారు, దిట్టకవి నారాయణకవి 'రంగరాయ చరిత్రము'గా రాశాడు, 1964లో ఎన్టీఆర్‌తో సినిమా వచ్చింది. జనం విని ఊరుకోలేదు, మళ్లీ మళ్లీ చెప్పించుకున్నారు. ఎందుకంటే కోట కూలడంతో కథ ఆగదు. బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు రాత్రిపూట విజయరామరాజు డేరాలో దూరి అతన్ని పొడిచి చంపుతాడు, ఆ తర్వాత తన ప్రాణం తానే తీసుకుంటాడు. పోయిన ప్రాణాలు తిరిగి రాలేదు, బాకీ మాత్రం తీరింది. శ్రోత కాచుకుని కూర్చునేది ఆ డేరా ఘట్టం కోసమే.

బుస్సీకి మాత్రం ఏమీ కాలేదు. 1785లో పుదుచ్చేరిలో చనిపోయాడు. ఇప్పటి లాల్ బహదూర్ శాస్త్రి వీధికి చాలాకాలం అతని పేరే ఉండేది. ఆ లెక్క తేలలేదన్న వెలితి బొబ్బిలి కథ తెలిసిన తెలుగువాడికి ఆ వీధిలో నడుస్తుంటే తగులుతుంది. నాకైతే తగులుతుంది.

అపోహ: ముగింపు ముందే తెలిస్తే చదవడం దండగ.

మధుబాబు షాడో నవలలు చదివినవాళ్లకు దీనికి జవాబు ఎవరూ చెప్పనక్కర్లేదు. సీరీస్ హీరో చావడు, ఇంకో పుస్తకం రావాలి కదా. ఆ సంగతి తెలిసే రాత్రంతా మేలుకుని చదివారు. యానాం నుంచి ఇక్కడి జిప్‌మర్‌కు వైద్యానికి వచ్చి, మా ఇందిరా నగర్ వైపు గది తీసుకుని ఉండే కుటుంబాలు ఎప్పుడూ కొన్ని ఉంటాయి. ఇంటికి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో, ఆసుపత్రి చీటీల మధ్య, తెలుగు పుస్తకం దొరికితే వాళ్ల ముఖం వెలిగిపోతుంది. అలా ఒక పెద్దాయన నా దగ్గర పాత షాడో నవల ఒకటి పట్టుకెళ్లాడు. అద్దె లైబ్రరీ ముద్ర ఉన్న పుస్తకం, బైండు ఊడి చివరి కాగితాలు ఎప్పుడో రాలిపోయాయి. మర్నాడు పొద్దున్నే వచ్చేశాడు. "షాడో ఎలాగూ బతుకుతాడండి, దాని గురించి బెంగ లేదు. లోపలుండి నమ్మించి మోసం చేశాడే, ఆడు దొరికాడా లేదా? అది చెప్పండి ముందు" అన్నాడు. చెప్పాక గానీ కుర్చీలో కూర్చోలేదు.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగోలో లీవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అనే ఇద్దరు పరిశోధకులు 2011లో ఇదే విషయం పరీక్షించారు. పన్నెండు చిన్నకథలు ఇచ్చి, కొందరికి ముగింపు ముందే చెప్పేశారు. వాళ్లే కథల్ని ఎక్కువ ఇష్టపడ్డారని తేలింది. తర్వాత వేరేవాళ్లు చేసిన పరీక్షల్లో దీనికి విరుద్ధమైన ఫలితాలూ వచ్చాయి కాబట్టి దాన్ని వేదవాక్కు చేయనక్కర్లేదు. ముగింపు తెలియడమొక్కటే చదివే సుఖాన్ని చంపదని ఒప్పుకుంటే చాలు.

అపోహ: హీరోని చంపితే నవల గొప్పదైపోతుంది.

కోనన్ డోయల్ 1893 డిసెంబరులో ఆ పని చేశాడు. హోమ్స్ కథలతో విసిగి, స్విట్జర్లాండులోని రైకెన్‌బాక్ జలపాతం దగ్గర హోమ్స్‌నీ మొరియార్టీనీ కలిపి కింద పడేశాడు. పాఠకులు భగ్గుమన్నారు. సుఖాంతం పోయిందన్న కోపమే అది అనుకుంటాం. కథ మళ్లీ చదివితే అసలు లోపం కనిపిస్తుంది. ఆ మొరియార్టీ పేరు పాఠకుడు మొదటిసారి వినేది ఆ కథలోనే! అన్ని కథల్లో ప్రేమించిన మనిషి ప్రాణానికి, అప్పుడే పరిచయమైన విలన్ ప్రాణం ఎలా సరిపోతుంది? తూకం కుదరలేదు. డోయల్ 1903లో హోమ్స్‌ని బతికించి తీసుకురాక తప్పలేదు.

జేమ్స్ బాండ్ నవలల్లో ఫ్లెమింగ్ ఇలాంటి చోట జాగ్రత్త పడ్డాడు. 1963 నాటి 'ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్'లో బాండ్ పెళ్లాడిన కొద్ది గంటలకే భార్యను శత్రువులు కాల్చి చంపుతారు. పాఠకులు పుస్తకం విసిరికొట్టలేదు. ఆ దాడి వెనకున్న శత్రువు నవల మొదటి సగం నుంచీ అక్కడే ఉన్నాడు, మరుసటి ఏడాది నవలలో బాండ్ అతని పని పట్టాడు.

మన కొత్త రచయితలతో నాకున్న పేచీ ఇక్కడే. మూడొందల పేజీలు హీరోని కొండలెక్కిస్తారు, సొరంగాల్లో పాకిస్తారు; చివరి అధ్యాయంలో విలన్ కాలు జారి లోయలో పడతాడు, లేదా పోలీసు జీపులు వచ్చేస్తాయి. హీరో చేయాల్సిన పని కొండరాయి చేసేస్తే పాఠకుడికి ఏం మిగిలింది? శుభం కార్డు పడింది, కడుపు నిండలేదు. ఆ నిరాశను చూపించి 'పాఠకులకు సుఖాంతం నచ్చడం లేదు' అని తీర్పు చెప్పడం అన్యాయం. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం 'శిథిలాలయం', 'రాకాసిలోయ' లాంటి సీరియళ్లు నెలల తరబడి నడిపాడు. ప్రతి నెలా ఒక గండం, 'ఇంకా ఉంది' అన్న మాట. చివర్లో సుఖాంతమే అయినా, అన్ని నెలలు ఎదురుచూసినవాళ్లకు అది ఊరికే వచ్చినట్టు అనిపించలేదు.

అపోహ: పెద్దవాళ్ల సంగతి సరే, పిల్లలకు మాత్రం అంతా తేటతెల్లంగా ముగియాలి.

స్టీవెన్సన్ నవలను నండూరి రామమోహనరావు 'కాంచనద్వీపం'గా తెనిగించారు, తెలుగు పిల్లలు దాన్ని మహా ఇష్టంగా చదివారు. నిధి దొరుకుతుంది, కథ చెప్పే కుర్రాడు జిమ్ ఇంటికి చేరతాడు. కానీ ఒంటికాలి ఓడదొంగ సిల్వర్ ఒక సంచీ డబ్బుతో దారిలోనే ఉడాయిస్తాడు. వెండి దిమ్మలు దీవిలోనే ఉండిపోతాయి. జిమ్‌కు ఆ దీవి పీడకలల్లో వస్తూనే ఉంటుంది. పుస్తకం చదివిన పిల్లలు సిల్వర్ గురించి ఎంత అడుగుతారో, దీవిలో వదిలేసి వచ్చిన ఆ ముగ్గురు ఓడదొంగల గురించీ అంతే అడుగుతారు. వాళ్లు దుర్మార్గులే, అయినా ఏం తిని బతుకుతారు? స్టీవెన్సన్‌కు ఆ ప్రశ్న ముందే తట్టింది. ఓడ బయల్దేరే ముందు వాళ్ల కోసం ఒడ్డున మందుగుండు, తూటాలు, ఉప్పు పట్టించిన మేకమాంసం, కొన్ని మందులు, పనిముట్లు, బట్టలు వదిలిపెట్టారని చివరి పేజీల్లో రాసిపెట్టాడు.