పాత కంప్యూటరు కొనుటెట్లు?

కోనసీమలో కొబ్బరితోట కొనువారు చెట్ల కాపు మాత్రమే చూచి సొమ్ము చెల్లింపరు. లింకు దస్తావేజులు కూడ చూపుమందురు. ఈ జాగ్రత్త పాత కంప్యూటరుకును వర్తించును. కాట్రేనికోన వంటి ఊళ్ళలో పాత లాప్‌టాప్ కొనదలచిన విద్యార్థి రెండు ప్రశ్నలు వేసికొనవలెను: ఇది ఎవరిది? ఎంత అరిగినది?

మొదటిది చట్టమునకు సంబంధించినది. 1930 నాటి వస్తు విక్రయ చట్టము 27వ సెక్షను ప్రకారము, సాధారణముగా, అమ్మువానికి లేని హక్కు కొన్నవానికి రాదు. కనుక దొంగసొత్తును తెలియక కొన్నను అసలు యజమాని దానిని తిరిగి కోరవచ్చును. పైకమును పోవును, యంత్రమును పోవును. దొంగసొత్తని తెలిసియు దురుద్దేశముతో కొన్నచో, 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను క్రింద 3 సంవత్సరముల వరకు జైలుశిక్ష పడవచ్చును.

సెల్‌ఫోనుకు 15 అంకెల ఐఎమ్ఈఐ సంఖ్య గలదు. దానిని కేంద్ర ప్రభుత్వపు సంచార్ సాథీలో సరిచూడవచ్చును. సిమ్‌కార్డు పట్టని లాప్‌టాప్‌కు అట్టి సంఖ్య లేదు. దానికున్నది తయారీదారు ఇచ్చిన సీరియల్ నంబరు. ఇది అడుగుభాగమునను, మదర్‌బోర్డుపైని చిప్పులోను ఉండును. అడుగున అంటించిన చీటీని గీకివేయవచ్చును. చిప్పులోని సంఖ్యను మార్చుట అంత సులభము కాదు. బయాస్ తెరలో అది కనబడును. ఈ రెండును, బిల్లులోని సంఖ్యయు ఒక్కటే కావలెను. వేరైనచో, మదర్‌బోర్డు మార్చిన రసీదు చూపుమనవలెను. పాత యజమాని పాస్‌వర్డును అమ్మువాడు తీయలేనిచో ఆ బేరము వదలుకొనుటయే మేలు.

ఇక రెండవ ప్రశ్న. హార్డ్‌డిస్కు తాను పనిచేసిన గంటలను తానే లెక్క వ్రాసికొనును. ఈ పట్టికకు స్మార్ట్ అని పేరు. ఆరు నెలలకు గంటలు సుమారు 4,400. "ఆరు నెలలే వాడితిమి" అన్న యంత్రము 9,000 గంటలు చూపినచో ఆ మాట నిజము కాదని కూడికలు వచ్చిన బాలుడైనను చెప్పగలడు. బ్యాటరీ మొదటి సామర్థ్యము 50 వాట్-గంటలై, నేడు 25 మాత్రమే నిలుచుచున్నచో, అది ఒకప్పటి సగముసేపే నడచును. సముద్రము దాపున ఉప్పుగాలి లోహపు అతుకులను తినివేయును. యుఎస్‌బి రంధ్రములలో పచ్చని పొర కనబడినచో లోపల తుప్పు పట్టినదేమోయని అనుమానింపవలెను.

కొనునప్పుడు అమ్మువాని పేరు, చిరునామా, సీరియల్ నంబరు, తేది గల రసీదు తీసికొని, పైకమును బ్యాంకు ద్వారా చెల్లింపవలెను. న్యాయముగా అమ్మువాడు వీనికి జంకడు. ఉపాధ్యాయులు తమ పాఠశాల కంప్యూటర్లలోనే సీరియల్ నంబరును, స్మార్ట్ పట్టికను విద్యార్థులచేత చదివించినచో, ఇదియు ఒక మంచి ప్రయోగపాఠమగును.