మూగబోని మౌత్ ఆర్గన్

అబ్బాయి చొక్కా జేబులో ఇమిడిపోయే వాద్యమిది. రంధ్రాలు పది, ఇత్తడి నాలుకలు ఇరవై. ఊదితే సగం, పీలిస్తే సగం పలుకుతాయి.

జర్మనీలో హోనర్ వారు 1896లో తెచ్చిన ‘మెరైన్ బ్యాండ్’కు నడుమ కర్ర చట్రం ఉండేది. నోటి తడికి కర్ర ఉబ్బి, అంచులు పెదవులను గీరేవి. నాలుకలున్న పలకలను మేకులతో దిగగొట్టేవారు. ఒక్క నాలుక పాడైతే చాలు, వాద్యం మూలపడేది!

మరి ఆదర్శ వాద్యం ఎలా ఉండాలి? చట్రం తడి పీల్చరాదు. అతుకుల సందుల్లోంచి గాలి జారిపోరాదు. జారితే వాయించేవారి ఊపిరి వృథా. అన్నిటికన్నా ముఖ్యం, మేకులకు మారుగా మరలుండాలి. 1983లో మొదలైన లీ ఆస్కర్ వాద్యాలలో పాడైన పలకను ఇంట్లోనే మార్చుకోవచ్చు.

నాలుక ఒకటి పోయినంత మాత్రాన పాట పోకూడదు గదా!