అద్దాల తొట్టిలో సిక్లిడ్ చేపల పోట్లాట - నివారణ

ఇపుడు పల్లెలలో కూడ అద్దాల తొట్టిలో రంగుల చేపలను పెంచు ముచ్చట హెచ్చినది. పిల్లల కోర్కెపై బస్తీ నుండి నాలుగు రకముల చేపలను కొని తెచ్చి, అన్నిటిని ఒకే తొట్టిలో వదలుదురు. రెండు దినములు వేడుకగనే ఉండును. మూడవ దినమున ఒక చేప మూలకు నక్కును. దాని తోక చినిగి యుండును. వారము తిరుగక ముందే అది చచ్చి తేలును. నీరు పడలేదనియో, అంగడివాడు జబ్బు చేపను అంటగట్టెననియో అనుకొందురు. పెక్కుసార్లు అసలు కారణము తోటి చేపయే.

ఇట్లు పోట్లాడు చేపలలో సిక్లిడ్ కుటుంబమునకు చెందినవి ముఖ్యమైనవి. ఏంజెల్, ఆస్కార్, డిస్కస్, ఫ్లవర్‌హార్న్, ఆఫ్రికా సరస్సులలోని నీలి, పసుపు చేపలు ఈ కుటుంబములోనివే. వీనిలో 1,700కు పైగా జాతులు గుర్తింపబడినవి. మనము ఎరిగిన తిలాపియా, కేరళవారు మెచ్చు కరిమీన్ కూడ సిక్లిడ్‌లే.

ఎందులకు పోట్లాడును?

ఈ చేపల పోరునకు రెండు ముఖ్య కారణములు గలవు. మొదటిది స్థలము. మగ చేప ఒక రాతినో, గుంటనో తనదిగా చేసికొని, దాని చుట్టు హద్దు ఏర్పరచుకొనును. పొలము గట్టు తగవువంటిదే ఇది. రెండవది సంతానము. పెక్కు చేపలు గ్రుడ్లు పెట్టి విడిచిపోవును గాని, సిక్లిడ్‌లు గ్రుడ్లను, పిల్లలను కాపాడును. కొన్ని జాతులలో తల్లి గ్రుడ్లను నోటిలోనే పొదుగును. పిల్లల కోడి దగ్గరకు పోయినవారిని పొడుచునట్లే, పిల్లలున్న సిక్లిడ్ జంట తొట్టిలోని తక్కిన చేపలన్నిటిని తరుమును.

నదిలోను, సరస్సులోను ఓడిన చేప పారిపోయి బ్రతుకును. అద్దాల తొట్టిలో పారిపోవుటకు చోటు లేదు. గెలిచిన చేప మరల మరల తరుముచుండును. కనుక ప్రాణము తీయునది కోపముకన్న ఇరుకుదనమే అని గ్రహించవలెను.

తొట్టి ఎంత ఉండవలెను?

పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో కొలిచి, మూడింటిని హెచ్చవేసి 1,000చే భాగించిన ఎన్ని లీటర్లు పట్టునో తెలియును. 120 సెం.మీ. పొడవు, 45 సెం.మీ. వెడల్పు, 45 సెం.మీ. ఎత్తు గల తొట్టిలో 243 లీటర్లు పట్టును. ఆ నీటి బరువే 243 కిలోలు. కావున బల్ల గట్టిదై, మట్టముగ ఉండవలెను. హద్దులు అడుగుభాగమున ఏర్పడును గనుక, ఎత్తైన తొట్టికన్న పొడవైన తొట్టి మేలు.

అంగడిలో బొటనవ్రేలంత కనిపించు ఆస్కార్ పిల్ల 30 సెం.మీ. వరకు పెరుగును. నోటిలో పట్టు ప్రతి చేపను మ్రింగును. కొనునపుడున్న పరిమాణమును గాక, పెరిగిన పిమ్మట ఎంత అగునో అడిగి తెలిసికొని కొనవలెను.

ఏది దేనితో ఇముడును?

ఏంజెల్ చేపలు కొంత సాధువులు. ఐనను నియాన్ టెట్రా వంటి సన్నని చేపలను తినును. జత కట్టి గ్రుడ్లు పెట్టినపుడు సగము తొట్టిని ఆక్రమించును. రెక్కలు కొరుకు టైగర్ బార్బ్‌ను వీనితో ఉంచరాదు.

కాన్విక్ట్ చిన్నదైనను గ్రుడ్లు పెట్టినపుడు తనకంటె పెద్ద చేపలను కూడ తరుమును. ఆ జంటను వేరుగ ఉంచుట మంచిది.

ఫ్లవర్‌హార్న్ 1990 దశకమున మలేషియాలో సంకరము చేసి రూపొందించిన చేప. అదృష్టము తెచ్చునని కొందరు కొందురు. దీనిని ఒంటరిగనే పెంచవలెను.

ఆఫ్రికాలోని మలావీ సరస్సున రాళ్ల నడుమ బ్రతుకు ఎంబూనా చేపల తీరు వేరు. రెండు మూడు చేపలున్నచో బలమైనది బలహీనమైన దానిని చంపును. పైన చెప్పిన 243 లీటర్ల తొట్టిలో 15 వరకు ఉంచినచో కోపము అన్నిటిపై పంచబడి, ఏ ఒక్కదానికి ప్రాణాపాయము కలుగదు. ఒక్కొక్క జాతిలో ఒక మగదానికి మూడు ఆడవి చొప్పున ఉండవలెను. ఒకే రంగు గల రెండు జాతుల మగవానిని కలుపరాదు. ఇట్లు ఎక్కువ చేపలను ఉంచినపుడు బలమైన ఫిల్టర్ తప్పనిసరి. ఈ ఉపాయము ఎంబూనాలకే గాని ఆస్కార్‌లకు పనికిరాదు.

మలావీ చేపలకు ఉప్పదనము గాక, కఠినత్వము, క్షారగుణము గల నీరు కావలెను. డిస్కస్, ఏంజెల్ వంటి దక్షిణ అమెరికా చేపలకు మెత్తని నీరు హితము. ఈ రెండు తెగలను ఒకచోట చేర్చరాదు.

చేయవలసిన పనులు

1. రాళ్లతో, మట్టి కుండ పెంకులతో చేపల సంఖ్యకు మించి దాగుచోట్లు కల్పించవలెను. ఒకదాని నుండి మరొకటి కనబడకుండ అమర్చవలెను. రాళ్లను ఇసుక పైన గాక అడుగు పలకపై నిలిపి, చుట్టు ఇసుక పోయవలెను. లేనిచో చేపలు త్రవ్వినపుడు రాయి దొర్లి అద్దము పగులును.

2. ఇంచుమించు ఒకే పరిమాణము గల పిల్లలను ఒకేసారి వదలవలెను.

3. కొత్త చేపను చేర్చునపుడు ముందుగ రాళ్ల అమరిక మార్చవలెను. పాత హద్దులు చెరిగిపోవును. పాతవానికి మేత వేసి, దీపము ఆర్పి, సాయంకాలము వదలవలెను.

4. మేతను ఒకేచోట గాక రెండు మూడు చోట్ల కొద్దికొద్దిగ వేయవలెను.

5. వారమునకొకసారి నాల్గవ వంతు నీటిని మార్చవలెను. క్లోరిన్ కలిపిన కుళాయి నీటిని విరుగుడు మందు వేయక పోయరాదు.

పోరు ముదిరినచో

రెక్కలు విప్పుట, మొప్పలు ఉబ్బించుట, కొద్దిసేపు తరుముట సహజము. దీనికి కంగారు పడనక్కరలేదు. ఒక చేప మేతకు రాక, మూలనో, నీటి పైభాగముననో కదలక నిలిచి, రంగు నల్లబడి, రెక్కలు చినిగి యున్నచో ఆ దినమే దానిని వేరు చేయవలెను. రేపు చూతమనుకొన్నచో మిగులదు. ఓడినదానిని శుభ్రమైన నీటిలో కోలుకొననిచ్చి, తరుము చేపను కూడ వారము దినములు వేరుగ ఉంచి, రాళ్లు మార్చి మరల వదలినచో తన పాత స్థలమును అది కోల్పోవును. అప్పటికిని మారనిచో దానిని ఒంటరిగ పెంచవలెను.

చెరువులో వదలరాదు

పోట్లాడు చేపతో విసిగినవారు, పాపమని దానిని ఊరి చెరువులోనో, కాలువలోనో వదలుచున్నారు. అది పుణ్యము కాదు. 1952లో మన దేశమునకు తెచ్చిన మొజాంబిక్ తిలాపియా చిన్న వయసుననే గ్రుడ్లు పెట్టి, చెరువులలో మితిమీరి పెరిగి, ఇతర చేపల మేతకు పోటీ వచ్చినది. అద్దమును నాకి శుభ్రము చేయునని తెచ్చుకొన్న సక్కర్ చేప నేడు ఆంధ్రదేశపు చెరువులకు, కాలువలకు చేరి, జాలరుల వలలను చించుచున్నది. గ్రుడ్లను, పిల్లలను కాపాడుకొను సిక్లిడ్ చెరువున నిలద్రొక్కుకొన్నచో తొలగించుట మిక్కిలి కష్టము. అక్కరలేని చేపను అంగడికి తిరిగి ఇయ్యవలెను, లేదా పెంచగలవారికి ఇయ్యవలెను. గ్రామాధికారులు, చెరువులను పాటకు తీసికొన్నవారు ఈ సంగతిని ఊరిలో అందరికి తెలియజేయవలెను.

మనుష్యుల గట్టు తగవును పెద్దలు కూర్చుండి తీర్తురు. చేపల తగవునకు పెద్దమనిషి తొట్టి సిద్ధము చేయువాడే. అతడు కొనుటకు ముందే ఆలోచించినచో తగవే పుట్టదు, ఊరి చెరువునకు చేటు రాదు.