సహవాసము – లెక్కల పుస్తకము

తెలుగు క్రైస్తవులు నిత్యము వాడుకొనే మాటలలో ‘సహవాసము’ ఒకటి. ఆరాధన ముగిసే వేళ ఇచ్చే దీవెనలో అది వినిపిస్తుంది. స్త్రీల కూటములకు, యువజనుల కూటములకు కూడ ఆ పేరు పెట్టుకొంటారు. దీనికి మూలమైన గ్రీకు పదము ‘కొయినోనియా’. ఆ పదము దేవాలయమునకు మాత్రమే చెందినది కాదు. లూకా సువార్తలో సీమోనుతో కలిసి చేపలు పట్టిన జెబెదయి కుమారులను గురించి చెప్పేచోట ఆ కుదురుకు చెందిన పదమే ఉన్నది. తెలుగు బైబిలు అనువాదకులు అక్కడ ‘పాలివారు’ అన్నారు. చక్కని మాట. పాలు అంటే వాటా. వల నిండిననాడు లాభములోను, వల చినిగిననాడు నష్టములోను వాటా కలవారు పాలివారు.

క్రైస్తవులైన వర్తకులు, పారిశ్రామికులు సభలు జరుపుకొని తమ సహవాసమును నూతనపరచుకొంటామని చెప్పినపుడు, ఈ రెండర్థములలో దేనిని ఉద్దేశిస్తున్నారు? కలిసి ప్రార్థించి, కలిసి భోజనము చేసి, ఎవరి కొట్టుకు వారు పోవడమా? లేక ఒకరి వ్యాపారమునకు మరియొకరు జవాబుదారులు కావడమా? రెండవ దానిని ఆచరించి చూచినవారు చరిత్రలో ఉన్నారు. వారు ఇంగ్లండు దేశపు క్వేకరులు.

పదునేడవ శతాబ్ది నడుమ జార్జి ఫాక్సు బోధనలతో పుట్టిన ఈ చిన్న సమాజమునకు ‘మిత్రుల సమాజము’ అని పేరు. వారు ప్రమాణములు చేయరు, యుద్ధములో చేరరు, ప్రభుత్వ మతశాఖకు తలవంచరు. అందుచేత విశ్వవిద్యాలయములు, ప్రభుత్వ పదవులు వారికి చాలకాలము మూతబడి ఉండినవి. మిగిలిన దారులలో వర్తకము ముఖ్యమైనది. 1658లో ఫాక్సు లండను వర్తకులను హెచ్చరిస్తూ ఒక చిన్న గ్రంథము ప్రకటించినాడు. ఒక వస్తువునకు ఒకే ధర చెప్పవలెననీ, ఎక్కువ చెప్పి తక్కువకు దిగడము అబద్ధమాడడమే అనీ ఆయన వాదము. బేరమాడనిదే బజారు మెట్లు దిగని మనవంటివారికి ఇది వింతగా తోచవచ్చును. కాని ఒకే ధర చెప్పే దుకాణమునకు చిన్నపిల్లవానిని పంపినా మోసపోడన్న నమ్మకము ప్రజలలో కుదిరినది. సత్యము కొరకు పెట్టుకొన్న నియమము వ్యాపారమునకు కూడ కలిసివచ్చినది.

అయితే వారి నిజాయితీ కేవలము వ్యక్తుల మంచితనముపై ఆధారపడలేదు. స్థానిక సమాజము నెలకొకసారి కూడేది. లావాదేవీలలో న్యాయముగా ఉన్నారా, ఇచ్చిన మాట ప్రకారము బాకీలు తీరుస్తున్నారా అనే ప్రశ్నలు అక్కడ చదివేవారు, వాటికి సమాధానము వ్రాసి పై సభలకు పంపేవారు. ఏటికొకసారియైన తమ ఆస్తి అప్పులను సరిచూచుకొనవలెనని పదునెనిమిదవ శతాబ్దిలో సభ్యులకు హితవు చెప్పినారు. ఎవరి వ్యాపారమైన తడబడుతున్నదని వినబడితే ఇద్దరు ముగ్గురు పెద్దలు ఆ ఇంటికి పోయి లెక్కలు చూపమని అడిగేవారు. మనవైపు ఉగాదికి కొత్త ఖాతా పుస్తకమునకు పసుపు కుంకుమ పెట్టి పూజించే వర్తకులున్నారు. పాత పుస్తకమును పొరుగు వర్తకుని ముందు విప్పి పెట్టడము మాత్రము ఎవరికైన కష్టమే.

ఆ కట్టుబాటు ఎంత కఠినమైనదో ఎలిజబెత్ ఫ్రై కుటుంబమునకు తెలిసినది. చెరసాలల సంస్కరణకు పాటుపడిన ఆమె కీర్తి అప్పటికే యూరపు అంతటా వ్యాపించి ఉన్నది. 1828లో ఆమె భర్త జోసెఫ్ ఫ్రై బ్యాంకు దివాలా తీసినది. భార్య పేరును చూచి మిత్రుల సమాజము వెనుదీయలేదు. ఆయనను సభ్యత్వము నుండి తొలగించినది. దివాలా అంటే వారి దృష్టిలో ఇతరుల సొమ్మును అపాయములో పెట్టడము. దయలేని తీర్పు అనిపిస్తుంది, నిజమే. కష్టములో ఉన్నవానిని వెలివేయడము సహవాసమగునా అని అడుగవచ్చును. కాని ఆ సమాజమును నమ్మి సొమ్ము దాచుకొన్నవారి వైపు నుండి చూస్తే దాని అర్థము వేరుగా ఉంటుంది.

తరువాతి తరములో ఈ పట్టు సడలినది. ఎలిజబెత్ పుట్టింటివారైన గర్నీలు నడిపిన ఓవరెండ్ గర్నీ సంస్థ లండనులో ‘బ్యాంకులకు బ్యాంకు’ వంటిది. 1865లో దానిని పరిమిత బాధ్యత గల కంపెనీగా మార్చి వాటాలు జనులకు అమ్మినారు. మొండిబాకీలు ఎంత పేరుకొనియున్నవో కొన్నవారికి తెలియదు. 1866 మే 10వ తేదీన ఆ సంస్థ తలుపులు మూసినది. అప్పులు సుమారు 1 కోటి 10 లక్షల పౌన్లు. డైరెక్టర్లపై నడిచిన అభియోగము 1869లో కొట్టివేయబడినది. అంత పెద్ద సంస్థ లెక్కలను ఇద్దరు పెద్దలు ఇంటికి పోయి చూచే కాలము అప్పటికే దాటిపోయినది.

ఇరువదవ శతాబ్ది ఆరంభములో ప్రశ్న మరియొక రూపములో ఎదురైనది. బర్మింగ్‌హామ్‌లో క్యాడ్‌బరీలు, యార్కులో రౌంట్రీలు, బ్రిస్టలులో ఫ్రైలు – ఈ మూడు క్వేకరు కుటుంబములు చాకొలెటు పరిశ్రమలో అగ్రగణ్యులు. 1901లో విలియం క్యాడ్‌బరీకి పోర్చుగీసువారి సావొతోమే ద్వీపములో అమ్మకమునకు వచ్చిన ఒక కోకో తోట సంగతి తెలిసినది. ఆస్తుల పట్టీలో భూమి, పనిముట్లతోపాటు కూలీలను కూడ చేర్చినారు. అనగా బానిసత్వము పేరు మార్చుకొని సాగుతున్నదన్నమాట. బానిసత్వ నిర్మూలనకు ముందు నిలిచిన సమాజమువారే ఆ కోకోను కొంటున్నారు.

వారేమి చేసినారు? విచారించినారు, ప్రతినిధిని పంపినారు, ప్రభుత్వముతో సంప్రతించినారు, ఒకరినొకరు సంప్రతించుకొన్నారు. జోసెఫ్ బర్ట్ అనే క్వేకరు 1905లో బయలుదేరి ఆఫ్రికాలో రెండేండ్లు తిరిగి నివేదిక తెచ్చినాడు. 1908లో విలియం క్యాడ్‌బరీ స్వయముగా వెళ్ళినాడు. 1909 మార్చిలో మూడు సంస్థలు కలిసి ఆ కోకోను కొనడము మానినవి. మధ్యలో ఎనిమిదేండ్లు గడిచినవి. ‘స్టాండర్డు’ పత్రిక వారి కపటమును ఎత్తిపొడువగా, క్యాడ్‌బరీలు పరువునష్టపు దావా వేసి 1909 డిసెంబరులో గెలిచినారు. న్యాయసభ్యులు ఇప్పించిన పరిహారము ఒక ఫార్దింగు, అనగా పెన్నీలో నాలుగవ వంతు. గెలుపును ఇంతకంటె చిన్నచేయడము సాధ్యము కాదు.

కలిసి నడిచేవారు మెల్లగా నడుస్తారన్నది ఇందులో కనిపించే ఒక సంగతి. ఒక్కరే మానుకొంటే ఆ కోకో పక్కవాని గిడ్డంగికి పోయేదన్నది కూడ అంత నిజము. ఈ రెండింటి నడుమ తీర్పు చెప్పవలసివస్తే, ఎనిమిదేండ్లు మిక్కిలి ఎక్కువ అనే నేనంటాను. తోటలోని మనిషికి అవి ఎనిమిది పంటకాలములు. గోదావరి ప్రాంతపు కొబ్బరి తోటల నీడలో నేడు కోకో పండించే రైతులకు ఈ లెక్క చెప్పనక్కరలేదు.

పునరుద్ధరణ అనదగిన ప్రయత్నము 1918లో జరిగినది. మొదటి ప్రపంచయుద్ధము ఇంకను ముగియలేదు. ఆ ఏప్రిలులో క్వేకరు యజమానులు బర్మింగ్‌హామ్‌లోని వుడ్‌బ్రూక్‌లో సమావేశమైనారు. అది ఒకప్పుడు జార్జి క్యాడ్‌బరీ నివాసము. 1903 నుండి మిత్రుల విద్యాకేంద్రము. వారు చర్చించిన విషయములు చూడండి: కూలి ఎంత ఉండవలెను, కర్మాగారములో పనివాని స్థానమేమి, ఉద్యోగమునకు భద్రత ఎట్లు, మిగులు లాభము ఎవరికి చెందవలెను. చివరి ప్రశ్నను యజమానులు తమంతట తాము వేసుకొనడము అరుదు.

ఈ చర్చకు పునాది ముందే పడినది. సీబోమ్ రౌంట్రీ 1899లో యార్కు పట్టణపు శ్రామికుల ఇండ్లను ఇంటింటికి విచారింపజేసి, 1901లో ఫలితములు ప్రకటించినాడు. జనాభాలో 27.84 శాతము దారిద్ర్యములో ఉన్నారని తేలినది. నైపుణ్యములేని పనివానికి యార్కులో ముట్టే కూలి ఒక మోస్తరు కుటుంబమునకు కడుపునిండా తిండికి, బట్టకు, నీడకు చాలదని ఆయన వ్రాసినాడు. ఆ ఊరిలో పెద్ద యజమానులలో తన తండ్రి ఒకడు! ఇది పాత క్వేకరుల లెక్కల తనిఖీయే. అయితే ఈసారి విప్పినది బాకీల పుస్తకము కాదు, కూలివాని వంటింటి ఖర్చు.

యజమానుల సభ 1928లోను, 1938లోను, 1948లోను మరల జరిగినది. పదేండ్లకొకసారి కూడి తీర్మానించుకొనేవారు. పాలించనివానిని ఏమి చేయవలెనన్న మాట మాత్రము ఎక్కడను లేదు. జోసెఫ్ ఫ్రై నాటి కాఠిన్యము పోయినది, మంచిదే. దానితోపాటు అడిగే అధికారము కూడ పోయినది. 1948 తరువాత ఆ వరుస ఆగినది.

కథోలిక యజమానుల సంఘములు 1931లో రోమునగరములో కలిసి ఏర్పరచుకొన్న ‘యూనియాపాక్’ అనే అంతర్జాతీయ సమాఖ్య, తరువాత ఇతర క్రైస్తవశాఖలవారికి కూడ చోటిచ్చి, నేటికీ పనిచేస్తున్నది. దానికి కూడ సలహా చెప్పే హక్కే గాని లెక్కలు అడిగే హక్కు లేదు.

క్వేకరు సంస్థలు ఒక్కొక్కటిగా వారి చేతులు దాటినవి. 1962లో క్యాడ్‌బరీ వాటాలు బహిరంగ విక్రయమునకు వచ్చినవి. 1988లో రౌంట్రీ నెస్లే పరమైనది. 2010లో క్రాఫ్టు క్యాడ్‌బరీని కొన్నది. బ్రిస్టలు సమీపమున ఫ్రైలు కట్టిన సోమర్‌డేల్ కర్మాగారమును మూయబోమని కొనకముందు ఆశపెట్టి, కొన్న వెంటనే మూసివేత ప్రకటించినందుకు క్రాఫ్టును బ్రిటనులోని టేకోవర్ పానెల్ బహిరంగముగా మందలించినది. ఆ అడుగవలసిన మాటను అడిగినది ఒక నియంత్రణ సంస్థ.

వుడ్‌బ్రూక్ భవనములో విద్యాకేంద్రపు కార్యక్రమములు 2023లో ముగిసినవి. మిత్రులు తమ సభలలో చదువుకొనే ప్రశ్నల పుస్తకములో, వ్యాపారములో సత్యమును పాటిస్తున్నావా అనే ప్రశ్న నేటికీ ఉన్నది. విన్నవాడు తన లెక్కలను ఎవరికి చూపవలెనన్నది మాత్రము ఇప్పుడు అతని ఇష్టమునకే విడువబడినది.